దీవులు తాపీగా తిరగాలంటే ఓడా, ఫెర్రీనా, తెరచాప పడవా? సిక్కోలు నుంచి బయల్దేరేవాళ్ళకి

మా సోంపేట, కంచిలి వైపు దీవులంటే ఎవరికైనా ముందు అండమానే గుర్తొస్తాది. ఏ ఊళ్ళో చూసినా నాలుగిళ్ళు ఉంటాయి, మావయ్యో చిన్నాన్నో పోర్ట్ బ్లెయిర్‌లో సెటిలైపోయినవి. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాష అన్నోళ్ళు సుమారు 13 శాతం, వాళ్ళలో చాలామంది మన సిక్కోలు, వైజాగ్ తీరం నుంచి ఎళ్ళినోళ్ళే. అందుకే నన్ను అడిగేవాళ్ళెవరూ దీవులకి ఎళ్ళాలా వద్దా అనడగరు, ఎలగ తిరగాలి అనడుగుతారు. వైజాగ్‌లో ఓడెక్కాలా, ఫ్లైట్‌లో ఎళ్ళి అక్కడ ఫెర్రీలు పట్టుకోవాలా, గ్రీసులో తెరచాప పడవలు వారానికి అద్దెకిస్తారంట కదా అది బాగుంటాదా అని. ఈ మూడూ నేను చేశాను, అమ్మానాన్నలతో ఒకసారి, మా ఆవిడతో రెండుసార్లు, ఫ్రెండ్స్‌తో ఒకసారి. మూడూ మంచివే గానీ ముగ్గురు వేరే వేరే మనుషులకి మంచివి, అది తెలీక డబ్బులు పెట్టి బాధపడినోళ్ళని చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు దీవి మీద ఉండడం ఇష్టమా, నీళ్ళ మీద ఉండడం ఇష్టమా? ఫెర్రీ అంటే బస్సులాంటిది, గంటో ఐదు గంటలో కూచుంటే దింపేస్తాది, మీ సెలవంతా దీవి మీదే. తెరచాప పడవంటే మీరుండే ఇల్లే కదుల్తున్నట్టు, వంట అందులోనే, పడక అందులోనే, దీవి అనేది సాయంత్రం దిగి నడిచొచ్చే చోటు. వైజాగ్ ఓడ ఈ రెండిటికీ మధ్యలో ఉంటాది. బ్రోచర్లు అన్నిటికీ ఒకే నీలం నీళ్ళ ఫోటో పెడతాయి, అది చూసి తేల్చుకోలేం.

రెండో లెక్క, రాత్రుళ్ళు. ఎన్ని దీవులు చూపిస్తారు అని కాదు, ఒక్కో దీవిలో ఎన్ని రాత్రులు పడుకుంటాం అని అడగండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు అక్కడ తిరగడానికి ఒక ట్రావెల్స్ ఆయన దగ్గర ఐదు రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాను, అందులో నాలుగుసార్లు గది మారాం. మూడో రోజు పొద్దున్నే మా అమ్మ హేవ్‌లాక్ దీవిలో మంచం మీద కూచుని తడి చీర ప్లాస్టిక్ కవర్లో కుక్కుతూ "ఒరే బాబూ, ఈ సంచీలు సర్దుకోడానికేనేటిరా ఇంత దూరం ఒచ్చింది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తాది. ఆ తర్వాత నుంచి నేను చేసుకున్న లెక్క ఇది: పది రోజుల సెలవుంటే మూడు దీవులు మించొద్దు, వారమే ఉంటే రెండు, ఏ దీవిలోనూ రెండు రాత్రులకి తగ్గొద్దు.

వైజాగ్ ఓడ

పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి పేరు శ్రీ విజయపురం, టికెట్ల మీద ఆ పేరు కనిపిస్తే కంగారుపడకండి) కోల్‌కతా, చెన్నై, వైజాగ్ నుంచి ప్రభుత్వ ఓడలున్నాయి. వైజాగ్ నుంచి సుమారు నెలకోసారే, దూరం ఇంచుమించు 1,200 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు రోజులు పడతాది. బంక్ క్లాస్ అంటే రైల్లో స్లీపర్‌లాగ పెద్ద హాల్లో వరసగా మంచాలు, అంతకన్నా పై తరగతుల్లో ఇద్దరూ నలుగురూ పడుకునే క్యాబిన్లు. పెద్దవాళ్ళుంటే క్యాబిన్ తీసుకోండి, కుర్రాళ్ళైతే బంక్ చాలు, ఎలాగూ పగలంతా డెక్ మీదే ఉంటారు.

రెండో రోజు తెల్లారేసరికి చుట్టూ భూమన్నదే లేదు. నీళ్ళు నీలం కూడా కాదు, సిరా రంగు. ఓడ పక్క నుంచి చిన్న చిన్న చేపలు వెండి రేకుల్లాగ లేచి, అలల మీదుగా కొంత దూరం ఎగిరి మళ్ళీ మునిగిపోతున్నాయి. మా నాన్న చిన్నప్పుడు బారువ ఒడ్డున తెప్పలోళ్ళతో కలిసి పెరిగినాయన, ఆ రెయిలింగ్ పట్టుకుని గంటన్నర కదల్లేదు, టీ చల్లారిపోయినా తాగలేదు. నేను ఆయన్ని అంతసేపు ఊరికే నిలబడి ఉండగా చూడడం అదే మొదటిసారి.

దీనికి కావల్సింది డబ్బు కాదు, రోజులు. తేదీ ముందుగా తెలీడం కష్టం, తెలిసినా మారుతాది, రానూపోనూ ఓడే అంటే ఆరు రోజులు నీళ్ళ మీదే పోతాయి. అందుకే రిటైరైనోళ్ళు, టీచర్లు వేసవి సెలవుల మొదట్లో, లేదా ఒకవైపు ఓడ ఒకవైపు ఫ్లైట్. నా సలహా అయితే ఎళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు ఫ్లైట్. మూడు రోజులు నీళ్ళు చూసి చూసి అప్పుడు దీవి కనిపిస్తే ఆ ఆకుపచ్చ వేరేగా ఉంటాది, అదే తిరుగు ప్రయాణంలో అయితే మనసు అప్పటికే ఇంటికెళ్ళిపోయి ఉంటాది.

అండమాన్ ఫెర్రీలు: ప్రభుత్వానిదా, ప్రైవేటుదా

హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్), నీల్ (శహీద్ ద్వీప్) ఈ రెండిటికీ రెండు రకాలూ ఉన్నాయి. 2018 డిసెంబర్‌లో పేర్లు మారాయి, బుకింగ్ సైట్లలో కొన్నిచోట్ల పాత పేరు కొన్నిచోట్ల కొత్త పేరు, రెండూ గుర్తుపెట్టుకోండి. మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటువి వేగం, ఏసీ, సీటు నంబరుంటాది, బాగా వేగం ఉన్నవాటిలో పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ గంటన్నర. ప్రభుత్వ ఫెర్రీ రెండున్నర గంటలదాకా, టికెట్ వందల్లో ఉంటాది, ప్రైవేటుది వేలల్లో.

చాలామంది కళ్ళు మూసుకుని ప్రైవేటుదే తీసుకుంటారు గానీ తాపీగా తిరగాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది తిరగేసి ఉంటాది. ఆ వేగం ఫెర్రీల్లో ఎక్కువ వాటిలో అద్దాల లోపలే కూచోవాలి, అద్దాల మీద ఉప్పునీటి మరకలు, టీవీలో పాటలు, సముద్రం మీద ఉన్నామన్న సంగతే తెలీదు, అల వస్తే మాత్రం కడుపుకి తెలుస్తాది. ప్రభుత్వ ఫెర్రీలో డెక్ మీద నిలబడొచ్చు, కూరగాయల బస్తాలు, కోళ్ళ బుట్టలు, స్కూలు పిల్లలు, అందరితో పాటు ఎళ్తాం. మా ఆవిడకి అక్కడే ఒక పెద్దావిడ పరిచయమైంది, మాట వినగానే "ఏ ఊరమ్మా మీది" అంది, ఆవిడ పుట్టింది పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో అయినా తాతలది కవిటి దగ్గరంట, దిగేలోపు మాకు ఆదివారం భోజనానికి పిలుపు వచ్చేసింది. ప్రభుత్వ ఫెర్రీలో ఇబ్బందేటంటే స్థానికులకి ప్రాధాన్యం, టూరిస్టుకి టికెట్ దొరుకుతాదో లేదో ముందే చెప్పలేం. కాబట్టి ఎళ్ళేటప్పుడు ప్రైవేటుది ముందే బుక్ చేసుకుని, దీవి నుంచి దీవికి మారేటప్పుడు మాత్రం ప్రభుత్వానిది ప్రయత్నించండి. డెక్ మీదకి రానిచ్చే ప్రైవేటు ఫెర్రీలు కూడా ఉన్నాయి, బుక్ చేసేముందు అది ఒక్కటీ అడగండి.

హేవ్‌లాకా నీలా అంటే, ప్యాకేజీలోళ్ళు నీల్‌కి ఒక రాత్రి విదిల్చినట్టు ఇస్తారు, అది అన్యాయం. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ ఉంది, స్కూబా ఉంది, నిజమే. కానీ తాపీ అన్న మాట నీల్‌కే సరిపోతాది, సైకిల్ అద్దెకి తీసుకుంటే ఏ మూలకైనా ఎళ్ళొచ్చు, దారిపొడవునా కూరగాయల మళ్ళు, అరటి తోటలు, సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో సూర్యుడు దిగుతాడు. నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, అది చూడాలంటే మాత్రం ఆటు సమయంలోనే ఎళ్ళాలి, పోటు వేళ ఎళ్తే నీళ్ళే, అందుకని హోటల్‌వాళ్ళని ముందురోజే టైమ్ అడిగి పెట్టుకోండి. మూడు రాత్రులు నీల్‌లో ఉండి వచ్చినోళ్ళెవరూ విసుగొచ్చిందని నాతో అనలేదు.

తెరచాప పడవ

మన దగ్గర కూడా తెప్పలకి తెరచాపలుండేవి, ఇప్పుడంతా ఫైబర్ బోట్లు, ఇంజన్లు. మా నాన్న చెప్పేవారు, తెప్పలోళ్ళు తెల్లారగట్ల ఒడ్డు మీంచి సముద్రంలోకి వీచే గాలికి ఎళ్ళిపోయి, మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కి గాలి ఒడ్డు వైపు తిరిగాక ఆ గాలికే ఇంటికొచ్చేసేవారని. ఆ సంగతి నాకు మాటగానే తెలుసు, అర్థమైంది మాత్రం గ్రీసులో.

విజయనగరంలో ఇంజినీరింగ్ కలిసి చదివిన నలుగురం లెఫ్కడా అనే చోట నుంచి వారం రోజులకి పడవ తీసుకున్నాం. అయోనియన్ సముద్రం, గ్రీసుకి పడమటి వైపు. మెగనీసి, ఇథాకా, కెఫలోనియా ఈ దీవులన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, రోజుకి రెండు మూడు నాలుగు గంటల ప్రయాణం. తెరచాప మీద పడవ ఐదారు నాట్ల (సముద్రం మీద వేగం కొలత) వేగంతో ఎళ్తాది, అంటే గంటకి పది కిలోమీటర్లు, మన పల్లెలో సైకిల్ మీద ఎళ్ళినంత. పొద్దున్న గాలి ఉండదు, నీళ్ళు అద్దంలాగ ఉంటాయి, మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి గాలి లేస్తాది, చీకటిపడేసరికి పడిపోతాది. మొదటిరోజు ఆ గాలి లేవగానే మా స్కిప్పర్, అంటే పడవ నడిపేవాడు, ఇంజన్ ఆపేశాడు. అప్పటిదాకా డబడబ మని మోగింది ఒక్కసారి ఆగిపోయి నీళ్ళు పడవ పక్కనుంచి గలగలా ఎళ్తున్న చప్పుడొకటే. పడవ ఒకవైపుకి వంగింది. కింద వంటగదిలో నేను టీ పెడుతున్నాను, అక్కడి స్టవ్‌ని ఊయలలాగ రెండువైపులా వేలాడదీస్తారు, గోడలు, కప్‌బోర్డులు, నేను అందరం వాలిపోయి ఉన్నాం గానీ గిన్నెలో టీ మాత్రం మట్టసంగా, కదలకుండా ఉంది. చూస్తూ ఉండిపోయాను, పొంగిపోయే దాకా.

దీని గురించి ఎవరూ ముందే చెప్పని సంగతులు ఇవి. లైసెన్స్ లేకపోతే పడవ మీ చేతికివ్వరు, స్కిప్పర్ కావాలి, ఆయనకి రోజుకూలి విడిగా, భోజనం మీదే, పడుకోడానికి చోటు కూడా మీరే ఇవ్వాలి. మూడు గదుల పడవంటే ఆరుగురు సరిపోతారు అనుకుని ఆరుగురు బుక్ చేస్తే ఒకరు సోఫా మీద పడుకుంటారు, నలుగురైతే హాయి. అద్దె ఎక్కువగా శనివారం నుంచి శనివారం, మధ్యలో మూడు రోజులకి ఇవ్వమంటే అందరూ ఇవ్వరు. గట్టి సూట్‌కేసులు తేవద్దు, పెట్టే చోటుండదు, గుడ్డ సంచులే. మంచినీళ్ళు ట్యాంకులో ఉన్నన్నే, బాత్రూమ్‌లో చేత్తో పంపు కొట్టాలి, ఇవి పెద్దవాళ్ళకి నిజంగా కష్టం. ఇంకోటి, గాలికి ఎదురుగా తెరచాప సూటిగా ఎళ్ళలేదు, ఏటవాలుగా అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ పోవాలి, లేదా ఇంజన్ వేసుకోవాలి, మా వారంలో సగం దాకా ఇంజన్ మీదే ఎళ్ళాం. అందుకే రేపు ఫలానా దీవి అని రాసిపెట్టుకున్న మనిషికి ఇది నచ్చదు, గాలి ఎటు తీసుకెళ్తే అటు అనుకునే మనిషికి ఇంతకన్నా మంచి సెలవు ఉండదు.

ఖర్చు చూస్తే పెద్దదే, నలుగురు పంచుకున్నా అండమాన్ ట్రిప్పుకి కొన్ని రెట్లు. కానీ హోటల్ ఖర్చు అందులోనే పోతాది, వంట చేసుకోవచ్చు, మేం పలాస జీడిపప్పు, ఆవకాయ, జంతికలు, కుక్కర్ పట్టుకెళ్ళాం, సాయంత్రం కొన్ని రేవుల్లో హోటల్ ముందే పడవ కట్టుకోనిస్తారు, అక్కడ భోంచేస్తే కట్టుకున్నందుకు డబ్బులు అడగరు. కియోనీ అని ఇథాకాలో చిన్న రేవు, అక్కడ రెండో రాత్రి ఉండిపోదామని అడిగితే స్కిప్పర్ వెంటనే సరే అన్నాడు, ప్యాకేజీలో ఇది జరగదు.

గ్రీసులోనే ఫెర్రీ అయితే?

మా ఆవిడతో ఎళ్ళినప్పుడు ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీలో పారోస్, నాక్సోస్ తిరిగాం. నాక్సోస్‌కి ఐదు గంటల పైన, డెక్ మీద కుర్చీలు, కాఫీ, ఎండ. వేగం పడవలున్నాయి గానీ అక్కడా అదే కథ, లోపలే కూచోవాలి, టికెట్ ఎక్కువ, గాలి పెరిగితే ముందు ఆపేసేది వాటినే. జులై ఆగస్టుల్లో ఆ వైపు ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి కొడతాది, అందుకే ఆ నెలల్లో సైక్లడీస్ (పారోస్, నాక్సోస్ ఉన్న దీవుల గుంపు) దీవుల మధ్య తెరచాప పడవ మొదటిసారి ఎక్కేవాళ్ళకి నేను వద్దనే చెప్తాను. అదే పడవ కావాలంటే అయోనియన్, ఫెర్రీ కావాలంటే సైక్లడీస్, నెల మాత్రం జూన్ గానీ సెప్టెంబర్ గానీ. సాంటొరినీ ఫోటోల కోసం ఎళ్తారు, ఎళ్ళండి, ఒక్కరోజు చాలు, మిగతా రోజులు నాక్సోస్‌లో ఉండండి, అక్కడ కొండల్లో పల్లెలున్నాయి, పొలాలున్నాయి, మన మనుషులకి నచ్చుతాది.

క్రొయేషియా కూడా ఇలాంటిదే, స్ప్లిట్ నుంచి ఫెర్రీలు, 2023 జనవరి నుంచి అదీ షెంగెన్‌లోకి (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) వచ్చింది కాబట్టి గ్రీసుకి తీసుకున్న వీసాయే పనిచేస్తాది.

లక్షద్వీప్ గురించి అడుగుతారు. కొచ్చి నుంచి ఓడ, పర్మిట్ తప్పనిసరి, పేపర్ల పని ముందే మొదలెట్టాలి. 'సముద్రం' అనే పేరుతో ఒక ప్యాకేజీ ఉంటాది, రాత్రుళ్ళు ఓడలోనే పడుకుని పగలు కవరత్తి, కల్పేని, మినికోయ్ చూపించి మళ్ళీ సాయంత్రం ఓడెక్కిస్తారు. సామాను సర్దే బాధ లేదు కాబట్టి అమ్మానాన్నలకి మంచిది, కానీ దీవిలో రాత్రి ఉండడం కుదరదు, అలగ ఉండాలంటే వేరే పర్మిట్, వేరే ఏర్పాటు. ఓడ నుంచి చిన్న పడవలోకి దిగడం అలల్లో మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి భయంగా ఉంటాది, అది ముందే ఆలోచించుకోండి.

ముందు చిలికాలో ఒకరోజు

ఇంత డబ్బు పెట్టేముందు మన పక్కనే ఉన్నది ఒకసారి చూడండి. ఇచ్చాపురం దాటి బరంపురం, అది దాటితే రంభ, రైల్లోనే పొద్దున ఎళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. చిలికా సరస్సులో దీవులున్నాయి, కాళిజాయి అమ్మవారి గుడి ఒక దీవి మీదే. రంభలోనో బర్కుల్‌లోనో పడవ మాట్లాడుకుని మూడు నాలుగు గంటలు తిరగండి, ఫోన్ సంచిలో పెట్టేసి. గంట దాటాక మీకు ఇంకా బాగుందా, లేక ఎప్పుడు దిగుతాం అనిపిస్తోందా? రెండోదైతే తెరచాప పడవ మీకు వద్దు, ఫెర్రీ తీసుకుని దీవిలో మంచి గది తీసుకోండి, అందులో తప్పేం లేదు. కానీ చిలికా లోతు తక్కువ, అలలు చిన్నవి, అది మీ ఓపికని చెప్తాది గానీ కడుపు సంగతి చెప్పదు. కడుపు సంగతి తెలియాలంటే వైజాగ్ హార్బర్ నుంచి బయట సముద్రంలోకి తీసుకెళ్ళే బోటు ఎక్కి చూడండి.

వాంతుల బాధ ఉన్నోళ్ళకి పెద్ద ఓడలో మధ్యభాగం, కింది అంతస్తు క్యాబిన్ అడగండి, అక్కడ ఊపు తక్కువ. చిన్న పడవలో అయితే లోపలికి ఎళ్ళకుండా బయట కూచుని దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత చూడాలి. మాత్ర వేసుకునేది వాంతి మొదలయ్యాక కాదు, ఎక్కేముందే, ఏ మాత్రో మీ డాక్టర్‌ని అడగండి, బీపీ మందులు వాడేవాళ్ళు మరీను. మా అమ్మ అల్లం ముక్క మీద ఉప్పద్ది బుగ్గన పెట్టుకుని మూడు రోజులు గడిపేసింది.

నెలల సంగతి మనకి చెప్పక్కర్లేదు గానీ చెప్తాను. అండమాన్‌కి జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అందులోనూ ఫిబ్రవరి, మార్చి సముద్రం బాగా సద్దుమణిగి ఉంటాది. దసరా సెలవులున్నాయి కదా అని అక్టోబర్‌లో పెట్టుకోవద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను మన మీదకి వచ్చేముందు అండమాన్ దాటుకునే వచ్చింది, 2018లో తిత్లీ వచ్చిందీ అక్టోబర్‌లోనే, మన ఉద్దానం కొబ్బరి తోటలు ఏమయ్యాయో చూసినోళ్ళం.

ఇక ఒక్క మాట టికెట్ల గురించి. మా ఆవిడతో అండమాన్ ఎళ్ళినప్పుడు నీల్ నుంచి తిరిగొచ్చే ఒక ప్రైవేటు ఫెర్రీ గాలి ఎక్కువుందని రద్దయింది, మా ఫ్లైట్ మర్నాడు పొద్దున్నే. జెట్టీ మీద ఎండలో నాలుగు గంటలు నిలబడి ఆఖరికి సాయంత్రం ప్రభుత్వ ఫెర్రీలో చోటు దొరికింది, మా ఆవిడ దారంతా నా చెయ్యి వదల్లేదు. ఫ్లైట్‌కి ముందురాత్రి కాదు, ఆ ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరిపోయేలాగ టికెట్లు వేసుకోండి, ఆ ఖాళీరోజు సెల్యులర్ జైలు చూడొచ్చు, సాయంత్రం అక్కడ లైట్ అండ్ సౌండ్ షో ఉంటాది, దానికి టికెట్ ముందే తీసుకోవాలి.